పాసంగం

"ఏమ్మా ఇందూ, మీ ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అని పైవాటా మామ్మగారు మెట్ల మీద ఆపి అడిగింది.

ఇందుమతికి నవ్వొచ్చింది. మొగుడూ పెళ్ళాలు తగువులాడుకునే ఇంటికి వచ్చి ఈ మాట అడిగేవాళ్ళుంటారు. తగువులు మానేసిన ఇంటికి వచ్చి అడిగే మనిషిని ఆవిడ ఇప్పుడే చూసింది.

"బాగున్నాం మామ్మగారూ. ఏం?"

"ఏట్లేదు. ఇదివరకు మీ ఇంట్లో గొడవొస్తే నా టీవీ కట్టేసి వినీదాన్ని. ఇప్పుడు బొత్తిగా అలికిడే లేదు. ఊరెళ్ళారేటో అనుకుంటాను, తీరా చూస్తే గుమ్మంలో చెప్పులుంటాయి. నీ మొగుడు మంచోడే గాని, మరీ అంత మంచితనం ఒంటికి పడదే అమ్మా."

మామ్మగారు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇందుమతి, పైడిరాజుల తగువులంటే ఒకప్పుడు ఆ వీధిలో పేరున్నవి. పైడిరాజు విశాఖ చేపలరేవులో ఐసు ఫ్యాక్టరీ మేనేజరు. ఆయన చొక్కాకి అంటుకొచ్చే రేవు వాసన మీద తగువు, ఫ్యాను ఎంతలో పెట్టాలన్న దాని మీద తగువు. కోనెం చేప పులుసులో చింతపండు వెయ్యాలా, మామిడికాయ వెయ్యాలా అని ఒక ఆదివారం ఇద్దరూ వాదులాడుకుంటుంటే, పొయ్యి మీద పులుసు తన దారిన తాను మాడిపోయింది. ఇందుమతి మామూలప్పుడు మొగుణ్ణి "మీరు" అంటుంది. కోపమొస్తే "నువ్వు"లోకి దిగుతుంది. ఆ "నువ్వు" చెవిన పడగానే పైడిరాజు చేతిలో పని పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టి, కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

ఆ తగువులకి ఒక ముగింపు కూడా ఉండేది. ఎవరి కోపం ముందు చల్లారితే వాళ్ళు ఒక పెద్ద గ్లాసుడు టీ పెట్టి బల్ల మధ్యలో ఉంచాలి. క్షమాపణలూ గట్రా ఏమీ లేవు. రెండోవాళ్ళు వచ్చి అందులోంచి సగం తమ గ్లాసులోకి ఒంపుకుంటే తగువు అయిపోయినట్టు, ఒంపుకోకపోతే ఇంకా ఉన్నట్టు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ అలవాటు తొమ్మిదేళ్ళు నడిచింది. తరవాత ఇందుమతి 'తోడు' తయారుచేసింది, దాంతో తగువులూ పోయాయి, ఆ టీ కూడా పోయింది.

తోడు అంటే దండచేతికి వేసుకునే పట్టీ. దాన్ని చూసి మామ్మగారు "దండకడియం చేయించుకున్నావా, వెండిదేనా?" అని అడిగింది. ఆ సంగతి ఇందుమతి తను పనిచేసే ల్యాబులో చెబితే అందరూ నవ్వి, అప్పట్నుంచి కడియమనే పిలుస్తున్నారు. భార్యకొకటి, భర్తకొకటి. వేసుకున్నవాళ్ళ నాడి, చెమట, ఊపిరి పట్టి చూసి, లోపల ఏం రగులుతోందో పోల్చుకుని, అవతలివాళ్ళ కడియానికి చేరవేస్తుంది. ఆయనకి కోపమొస్తే ఆవిడ చేతికి సెగ తగులుతుంది. భయమైతే చలి. దుఃఖమైతే బరువు, ఎవరో చెయ్యి పట్టుకుని కిందికి లాగుతున్నట్టు.

ఇంక తగువెలా పుడుతుంది? ఒక మాట నోటి దాకా వచ్చేసరికే అది అవతలివాళ్ళకి తగిలే చోటు తన చేతి మీదే నొప్పెడుతుంటే ఎవరు మాత్రం అంటారు? ఇందుమతి మింగేసేది. పైడిరాజూ మింగేసేవాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పెద్ద గొంతుతో పిలుపులు కూడా లేవు. పాలు తెచ్చారా అంటే తెచ్చాను, అలిసిపోయావా అంటే కొంచెం. ఇందుమతి ఆ నిశ్శబ్దానికి శాంతి అని పేరు పెట్టుకుంది. అయినా ఎందుకో కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇల్లంతా తిరుగుతూ సర్దినవే సర్దేది. కిటికీ దగ్గర నిలబడితే కర్టెను తాడు చేతికి తగిలేది. పైడిరాజు దాన్ని మూడు పాయలు చేసి బిగించి అల్లి, కొసన రబ్బరు బ్యాండు వేసేవాడు. అన్ని కర్టెన్లకీ అంతే. బాల్కనీలో బట్టలారేసే తాడు కొస కూడా వదల్లేదు. ఖాళీగా కూర్చోలేని చేతులు, ఏం చేస్తాం అనుకునేది ఇందుమతి.

ఆ వారం ఆవిడ కాలు నిలవకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. శుక్రవారం నాడు కుటుంబ సలహా కేంద్రం వాళ్ళు ల్యాబుకి వస్తున్నారు. విడాకుల దాకా వెళ్ళిన జంటలకి తోడు తొడిగి చూడాలని వాళ్ళ ఉద్దేశం. అది సరిగ్గా పనిచేస్తుందని కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఇందుమతే. నమూనా జంటగా నిలబడాల్సింది కూడా వాళ్ళిద్దరే. రెండేళ్ళుగా ఒక్క తగువు లేని కాపురమని రహమతుల్లా గారు ఊరంతా చెప్పేశాడు.

రహమతుల్లా గారు ల్యాబుకి పెద్ద. సోమవారం పొద్దున ఆయన కొత్త కడియాలు తెచ్చి ఇందుమతి బల్ల మీద పెట్టాడు.

"వీటికి విడివిడిగా పాసంగం కట్టక్కర్లేదమ్మా. కోర్టు మెట్లెక్కిన జంటకి తగువు లేని రోజు ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకని వందలమంది సగటు తీసి అదే కట్టేశాం. ముందు మీరు వేసుకుని చూడండి. ఇవి మీవారి పాత కడియంతో కూడా కలుస్తాయి."

పాసంగమనే మాట కూడా ఇందుమతి వల్లే ల్యాబులోకి వచ్చింది. ఆవిడ తండ్రికి విజయనగరం గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టుండేది. తక్కెడలో ఒక పళ్ళెం కొంచెం మొగ్గితే, సరుకు తూచే ముందు రెండో పళ్ళానికి చిన్న రాయి కట్టి సమం చేసేవాడు. ఆ రాయే పాసంగం. కడియానికీ అంతే. ప్రతి మనిషి ఒంట్లోనూ ఎప్పుడూ ఏదో ఒక కదలిక ఉంటూనే ఉంటుంది. అది కూడా లెక్కలోకి వస్తే అవతలివాళ్ళకి క్షణం తెరిపి ఉండదు. అందుకని ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న రోజు చూసి, ఆ రోజు ఎంత ఉంటే అంత, అందుకునే కడియంలో సున్నా కింద కట్టేసేవారు. ఆపైన పెరిగిందే అవతలి చేతికి తెలుస్తుంది. ప్రశాంతంగా ఉన్న రోజు చూడాలన్న నియమం ఇందుమతే పెట్టింది.

ఆవిడ పాత కడియం తీసి, కొత్తది దండచేతికి బిగించింది. మరుక్షణం చెయ్యి కిందికి లాగేసింది. చేతిలో కాఫీ కప్పు తొణికి కాగితాల మీద పడింది.

"ఏమైంది?" అన్నాడు రహమతుల్లా గారు.

"బరువు" అంది ఇందుమతి. మొగుడికి ఏదో అయిందనుకుంది. వెంటనే ఫోను చేసింది.

"ఏటి ఇందూ, ఈ టైములో?" అన్నాడు పైడిరాజు. వెనక ఐసు దిమ్మలు జారుతున్న చప్పుడు, ఎవరో ఎవర్నో తిడుతున్న కేకలు.

"మీకు ఒంట్లో బాగుందా?"

"నాకేటయింది? బోట్లన్నీ ఒక్కసారి వచ్చీసాయి, ఐసు చాల్లేదని నెత్తి మీద కూచున్నారు. శుభ్రంగా ఉన్నాను. నువ్వు తిన్నావా?"

ఆ గొంతులో ఏ తేడా లేదు. ఆవిడ చేతి మీద బరువు మాత్రం అలాగే ఉంది.

కడియం పాడైందనుకుంది ఇందుమతి. మరొకటి వేసుకుంది, అదే బరువు. ఇంకోటి తీసింది, అదీ అంతే. రహమతుల్లా గారు తన చేతికి ఒకటి తొడుక్కుని, దాని జత ఇంటికి పంపించి, భార్య షమీమ్ గారు వేసుకున్నాక ఫోను చేసి "ఇవాళ కూడా నాకు ఆలస్యమవుతుంది, మీ అన్నయ్య వస్తే నువ్వే చూసుకో" అన్నాడు. ఆ వెంటనే "అమ్మో" అని చెయ్యి విదిలించాడు. సెగ అంత బాగా తగిలింది.

"కడియాలు బాగానే ఉన్నాయి. నా సంసారమే బాగోలేదు" అని నవ్వాడు.

ఇందుమతి నవ్వలేకపోయింది. కడియాల్లో లోపం లేకపోతే ఇంక లోపం ఎక్కడుందో వెతకాల్సిన చోటు ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పైడిరాజు ఎదురుగా కూర్చుని ఆవిడ కంచంలో చేపముక్కకి ముళ్ళు తీసి పెడుతున్నాడు. ఒకసారి గొంతులో ముల్లు గుచ్చుకుని ఆవిడ భయపడితే ఆయన చేతికి చలి తెలిసిందట. అప్పట్నుంచీ అడక్కుండానే తీసి పెడతాడు. ఇందుమతి బల్ల కింద చెయ్యి పెట్టి పాత కడియం మార్చి కొత్తది వేసుకుంది. చెయ్యి దిగలాగింది. కొత్తది తీసి పాతది వేసుకుంది. దూదిలా తేలిపోయింది. మళ్ళీ కొత్తది. ఎదురుగా మనిషి చిన్నగా నవ్వుతూ ముళ్ళు తీస్తూనే ఉన్నాడు.

"మీ మనసులో ఏమైనా ఉందా?" అని అడిగింది.

"ఏటుంటాది?" అన్నాడు. అంతలోనే తన దండచెయ్యి తడుముకున్నాడు. "నీకెందుకు భయం? చల్లగా తగుల్తోంది."

"శుక్రవారం గురించి."

"దానికెందుకే, అంతా బాగుంటాది" అని ఆవిడ చేతి మీద తట్టాడు.

ఆయన అబద్ధమాడాడని ఆవిడకి తెలుసు. తనూ అబద్ధమే ఆడింది. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుని, కంచాలు తీసి, లైట్లు ఆర్పుకున్నారు. ఇందుమతికి తన ఇంట్లోనే తను చుట్టపుచూపుగా ఉన్నట్టనిపించి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన చేతికి బరువు తెలుస్తుందని అది కూడా మింగేసింది.

మర్నాడు ల్యాబులో రహమతుల్లా గారు పాత కడియం, కొత్త కడియం పక్కపక్కన పెట్టుకుని తల గోక్కున్నాడు.

"రెండూ కొలిచేది ఒకే మనిషిని. కొత్తదాంట్లో బరువు కనిపిస్తోంది, పాతదాంట్లో లేదు. అంటే తేడా పాసంగంలో ఉంది. మీ ఇద్దరికీ పాసంగం కట్టింది ఏ రోజమ్మా?"

"నాకు బాగా గుర్తుంది సార్" అంది ఇందుమతి. "మేం తగువు లేకుండా ఒక్క రోజుండేవాళ్ళం కాదు కదా. ఎన్ని నెలలు చూశాం, ఏ రోజు కడదామన్నా ఏదో గొడవ. మీరందరూ నన్ను ఏడిపించేవారు. అలాంటిది ఒకసారి వారం రోజులు గట్టిగా ఒక్క మాట కూడా అనుకోలేదు. మా కాపురంలో అంత ప్రశాంతమైన వారం మళ్ళీ దొరకదని ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను."

ఆ మాటలు తన నోటితో తను చెబుతూ, తన చెవులతో తనే విని, ఇందుమతి ఆగిపోయింది.

ఆ వారానికి ముందు జరిగిన సంగతి ఇది. బిడ్డని దత్తత తీసుకోవాలని వాళ్ళు పేరిచ్చి మూడేళ్ళు ఎదురుచూశారు. ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. రెండేళ్ళ ఆడపిల్ల. ఫోటో పంపారు. రెండు రోజుల్లో ఔనో కాదో చెప్పాలన్నారు. సరిగ్గా అప్పుడే తోడుని బయటి జంటల మీద పరీక్షించడానికి డబ్బు మంజూరైంది, ఆ పని మొదలయ్యే రోజులు. ఆ రాత్రంతా ఇందుమతి లెక్కలు వేసుకుంది. పొద్దున్నే, "ఇప్పుడు కాదని చెప్పేద్దామా? ఈ పని ఒక కొలిక్కి వచ్చాక మళ్ళీ పేరిద్దాం" అంది. తగువుకి సిద్ధపడే అంది. పైడిరాజు షర్టు గుండీలు పెట్టుకుంటూ "నీ ఇష్టం" అన్నాడు. అంతే. ఆ తరవాత వారం రోజులు ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. అర్థం చేసుకున్నాడు, ఎంత మంచి మనిషి అనుకుంది ఆవిడ.

చిన్నప్పుడు కొట్లో తక్కెడతో ఆడుకుంటూ పాసంగం కట్టబోతే నాన్న నెత్తి మీద మొట్టేవాడు. "పళ్ళెం తుడిచావా ముందు? అడుగున బెల్లం ముక్క అంటుకుని ఉండగా రాయి కట్టీసేవనుకో, ఇంక ఆ బెల్లం ఏ తూకంలోనూ కనపడదు." ఇందుమతి పెద్ద చదువులు చదివి, మనుషుల్ని తూచే తక్కెడ చేసింది గాని, మొగుడి గుండెల మీద అంత బరువుండగా దాన్నే సున్నా అని కట్టేసింది. ఆ రోజు నుంచీ అది ఆయనకి ఉంది, ఆవిడకి లేదు.

"సార్, నేను ఆయన దుఃఖాన్ని లెక్కలోంచి తీసేశాను" అంది.

రహమతుల్లా గారు కొత్త కడియాన్ని పక్కకి జరిపాడు. మంచివాడే, కాని ల్యాబు నడపాల్సిన మనిషి. "చూడమ్మా, ఇప్పటిదాకా తోడు వేసుకున్న జంటలన్నీ పాత పద్ధతిలోవే. అందరూ హాయిగా ఉన్నామనే చెబుతున్నారు. కొత్తది వేస్తే ఇలాంటివి ఎన్నిళ్ళల్లో బయటపడతాయో మనకి తెలీదు. శుక్రవారానికి పాత పద్ధతే చూపిద్దాం. జనానికి కావలసింది తగువు లేకుండా ఉండడం. అది మనం ఇస్తున్నాం. సంతకం పెట్టకపోతే మీ ఏళ్ళ శ్రమ పోతుంది. నా మాట విని ఆలోచించండి."

ఆలోచించడానికి బుధవారమంతా పట్టింది. ఆ రోజు ఇందుమతి చేసిన పని ఏమీ లేదు. మెట్లు దిగింది, ఎక్కింది, సముద్రం కేసి చూసింది, కొత్త కడియం వేసుకుంది, ఆ బరువు మొయ్యలేక తీసేసింది, తీసేసినందుకు సిగ్గుపడి మళ్ళీ వేసుకుంది. ఎవరి చెయ్యో గట్టిగా పట్టుకుని లాగుతూనే ఉంది. రెండేళ్ళు ఆయన దీన్ని మోస్తూ ఐసు అమ్మాడు, పాలు తెచ్చాడు, తనకి ముళ్ళు తీసి పెట్టాడు. జాలితో గుండె నీరైపోయింది. ఆ వెనకాలే ఒళ్ళు మండింది కూడా. చెప్పొచ్చు కదా! ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!

గురువారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే పైడిరాజు ఇంటికొచ్చాడు. బూట్లు విప్పుతూ దండచెయ్యి రుద్దుకున్నాడు.

"ఏటి ఇందూ, చెయ్యి కాలిపోతోంది. ఎవరి మీద నీకంత కోపం?"

"కడియం తియ్యండి" అంది ఇందుమతి. అంటూనే తనది తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఛార్జింగా?"

"తియ్యండి ముందు."

తీశాడు. ఆ చోట చర్మం పాలిపోయి తెల్లటి చార కనిపించింది. కడియాలు లేకుండా ఒకరి ముందు ఒకరు నిలబడి ఎన్నాళ్ళయిందో. ఆయన మొహం చూస్తే ఇందుమతికి ఏమీ తెలియలేదు. భయమేసింది.

"ఆ పిల్ల గురించి మాట్లాడాలి."

"ఏ పిల్ల?" అన్నాడు గాని ఏ పిల్లో తెలుసని గొంతే చెప్పింది. "అయిపోయిన దాని గురించి ఇప్పుడేటి. ఒగ్గీ."

"ఒగ్గను. నీకు కావాలని ఉంటే ఆ రోజెందుకు చెప్పలేదు? నోరు లేదా నీకు?"

నువ్వు అనేసింది. పై వాటాలో టీవీ ఆగిపోయింది.

పైడిరాజు కుర్చీ లాక్కోలేదు. నిలబడే ఉన్నాడు. "చెప్తే వినీదానివేటి? వద్దని చెప్పేద్దామా అన్నావు. అది అడగడమేటి? రాత్రంతా లెక్కేసుకుని, నిర్ణయం చేసీసి, పొద్దున్న నా చేత తలూపించుకోడం!"

"ఊపకపోవాల్సింది! పులుసులో చింతపండు దగ్గర కూడా తలూపని మనిషివి. బిడ్డ దగ్గర ఎందుకూపావు?"

"చింతపండు మీద దెబ్బలాడితే పోతే పులుసు పోతాది. దీని మీద దెబ్బలాడితే నువ్వు పోతావని భయమేసింది నాకు!" అని అరిచాడు పైడిరాజు. ఆ ఇంట్లో అంత పెద్ద గొంతు రెండేళ్ళ తరవాత అదే. "ఆ పని కోసం ఎన్నేళ్ళు కష్టపడ్డావు నువ్వు. నేను పట్టుబట్టి పిల్లని తెస్తే, రేపు నీ పని పాడైతే, నా వల్లే పోయిందంటావు. అనకపోయినా అనుకుంటావు. అది పడలేక ఊరుకున్నాను."

"ఊరుకుని మంచోడివైపోయావు! నీ ఇష్టం అని మొత్తం నా నెత్తి మీద పడేసి, చేతులు దులుపుకుని, రెండేళ్ళు నా కంచంలో ముళ్ళు తీశావు! వద్దన్నది నేనొక్కదాన్నే అయ్యాను. నువ్వు ఏడుస్తున్నావని నాకు తెలియనైనా తెలియదు. ఇంతకన్నా నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది!"

"ఆ రోజు నన్ను ల్యాబుకి లాక్కెళ్ళి ఏటన్నావో గుర్తుందా? 'చూడండి, మనకెంత ప్రశాంతంగా ఉందో' అన్నావు. నవ్వుతూ అన్నావు ఇందూ. మిషను ఎందుకు, నా మొహం కేసి ఒక్కసారి చూస్తే సరిపోయీది."

నిజంగానే ఆ రోజు ఆవిడ మిషను కేసే చూసింది.

పైడిరాజు విసురుగా కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెను తాడు పట్టుకుని ఎత్తి చూపించాడు. "ఇదేటో తెలుసా నీకు? రోజూ చూస్తావు. ఒక్కనాడు అడిగేవా?"

ఇందుమతి తాడు కేసి చూసింది. మూడు పాయలు, బిగుతుగా, కొసన రబ్బరు బ్యాండు.

"జడ" అన్నాడు. "ఫోటోలో పిల్లకి ఉంగరాల జుట్టు, గమనించేవా? నువ్వేమో పొద్దున్నే వెళ్ళిపోతావు. బడికి జడెయ్యాల్సింది నేనే కదా అని ఆ ఫోనొచ్చిన సాయంత్రమే మొదలెట్టేను. నువ్వు లోపల కాగితాలు ముందేసుకుని కూచున్నావు. నేనిక్కడ నిలబడి నేర్చుకున్నాను. మొదట్లో పాయలు జారిపోయీవి. తెల్లారేసరికి వచ్చీసింది. గుండీలు పెట్టుకుని నీకు చూపిద్దామనుకుంటున్నాను, ఈలోగా నువ్వొచ్చి వద్దన్నావు. ఆ తరవాత చేతులు ఊరుకోలేదు. ఏ తాడు కనిపిస్తే దానికి అల్లుకుంటూ పోయేను." తాడు వదిలేశాడు. "ఇప్పుడు దానికి నాలుగేళ్ళు. ఎవరి ఇంట్లో ఉందో. ఎవరో వేస్తారు."

ఇందుమతి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఏ పిల్లనైతే ఒక లెక్క కింద కొట్టేసిందో, ఆ పిల్ల జడతో సహా వచ్చి కిటికీకి వేలాడుతోంది. ఆ పిల్ల మళ్ళీ రాదు. ఆ సంగతి రెండేళ్ళ తరవాత ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

పైడిరాజు దగ్గరికి రాబోయి ఆగాడు.

"ఏడవకు. నువ్వేడిస్తే నా కోపం పోతాది. ఇంకా కొంచెంసేపు ఉండనీ దాన్ని" అని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తొందరలో ఒకటి తనది, ఒకటి ఆవిడది వేసుకుని వెళ్ళాడు.

ఇందుమతి లేచి మొహం కడుక్కుని రహమతుల్లా గారికి ఫోను చేసింది.

"సార్, నేను సంతకం పెట్టను."

"పాత పద్ధతి వద్దంటే కొత్తదానికే పెట్టండమ్మా. దాంట్లో బరువు దాగదు కదా."

"కొత్తదానికీ పెట్టను సార్. మొన్న సోమవారం నుంచీ ఆ బరువు నా చేతి మీదే ఉంది. ఆయన్ని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కడియం లేకపోతే మొదటి రోజే కొట్టుకునేవాళ్ళం. చేతికి తెలుస్తోంది కదా అని మేమిద్దరం అడగడం మానేశాం. ఇక మీదట తొడుక్కునే జంటలూ మానేస్తారు. అదే మాట రేపు వాళ్ళ ముందు కూడా చెప్తాను. మా ఇద్దరినీ తగువు లేని జంట అని మాత్రం చెప్పకండి."

అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. "మీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదేమోనమ్మా."

"తెలుసు సార్" అంది. ఫోను పెట్టేసి బల్ల మీది కడియాల కేసి చూసింది. అంత చదువు, అంత పని, ఒక్క మాటతో పోయింది. దాని కోసమే బిడ్డని వద్దంది.

దీపాలు పెట్టే వేళకి పైడిరాజు తిరిగొచ్చాడు. చేతిలో పాల ప్యాకెట్టు. ఇందుమతి కేసి చూడకుండా వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె చప్పుడైంది. కాసేపటికి పెద్ద గ్లాసుతో టీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కడియాలు రెండూ ఆ గ్లాసు పక్కనే ఉన్నాయి. ఇద్దరూ వాటి జోలికి పోలేదు.

ఇందుమతి ఆయన మొహంలోకి చూసింది. నుదుటి మీద ముడతలు కొత్తగా కనిపించాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడో, సముద్రం గాలికో తెలియలేదు.

"కోపం పోయిందా?" అని అడిగింది.

"నీకు తెలుస్తాది కదా."

"తెలియట్లేదు. నువ్వే చెప్పు."

పైడిరాజు గ్లాసుని ఒకసారి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "పోలేదు. చాలా ఉంది" అన్నాడు. "నీకు?"

"నాకూ ఉంది."

"అయితే ముందు నేను చెప్తాను. నడుమ అడ్డు రాకు." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ఫోటోలో అది నవ్వలేదు. పక్కనెవరినో చూస్తోంది. ఎవర్ని చూస్తోందోనని ఎన్నిసార్లు అనుకున్నానో..."

ఇందుమతి వింది. కొంచెంసేపటికే అడ్డు వచ్చింది. మళ్ళీ గొంతులు లేచాయి. బల్ల మీద టీకి మీగడ కట్టింది. దాన్ని ఇంకా ఎవరూ సగం ఒంపుకోలేదు. పైన మామ్మగారు టీవీ పెట్టనే లేదు.